జ్వరము వచ్చిన నాడు మధుమేహి

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావించిన ఉపన్యాసము)



కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, పొట్టిలంక ప్రాంతములలో అంటుమొక్కలు పెంచువారికి ఒక సంగతి చిన్ననాటినుండియు తెలియును. మొక్క ఆరోగ్యముగా ఉన్న దినమున పోయు నీరు వేరు, దానికి తెగులు తగిలిన దినమున పోయు నీరు వేరు. తెగులు తగిలినదని నీరు బొత్తిగా మానివేసినను మొక్క దక్కదు. చూడక ఎప్పటివలెనే పోసినను దక్కదు. దినమునకు నాలుగు మారులు మడియొద్దకు పోయి, ఆకు చూచి, మన్ను ముట్టి చూచి, ఎంత కావలయునో అంతయే పోయుదురు. మధుమేహము గల మనుష్యునకు జ్వరమో, విరేచనములో, గట్టి పడిశెమో పట్టిన దినములును ఇట్టివే. నేటి ఉపన్యాసము ఆ మూడు నాలుగు దినములను గూర్చియే. తక్కిన దినముల పథ్యమును గూర్చి చెప్పువారు ఊరూరను కలరు. అన్నము తగ్గించుమనియు, నడువుమనియు, తీపి మానుమనియు చెప్పని బంధువు లేడు. కాని జ్వరము వచ్చిన నాడు మాత్ర మ్రింగవలెనా, మానవలెనా అని అడిగినచో ఆ బంధువులే తలకొక మాట చెప్పుదురు. ఆసుపత్రికి మోసికొనిపోవలసిన స్థితి ఎక్కువగా ఆ దినములలోనే కలుగును.

ఇది ఏ కొద్దిమందికో సంబంధించిన మాట కాదు. ఉభయ గోదావరి జిల్లాలలోని 20 గ్రామములలో 30 ఏండ్లు దాటిన నాలుగువేల మందికి పైగా స్త్రీ పురుషులను పరీక్షించి, ఆ ఫలితములను 2006లో ప్రచురించిరి. నూటికి సుమారు 13 మందికి మధుమేహము ఉన్నట్లు తేలినది. పట్టణములలో కూర్చుండి పని చేయువారి జబ్బు అని అంతవరకు అనుకొన్నవారికి అది కనువిప్పు. భారత వైద్య పరిశోధనా మండలి వారి ఆధ్వర్యమున దేశమంతట జరిగిన లెక్క 2023లో వెలువడినది. దాని ప్రకారము మన దేశమున మధుమేహులు పది కోట్లకు పైబడినారు. అనగా వానకాలమున ఈ డెల్టాలో విషజ్వరములు వ్యాపించిన ప్రతి సంవత్సరము, జ్వరము తగిలిన ప్రతి వీథిలోను ఒకరో ఇద్దరో మధుమేహులు ఉండియే తీరుదురు.

ఇట్టి ఇంటిలో ఏమి జరుగునో చూడుడు. ఇంటి పెద్దకు అరువది యేండ్లు. పదేండ్లుగా మాత్రలు, రెండేండ్లుగా రాత్రిపూట ఇన్సులిను సూది. సోమవారమునాడు జ్వరము తగిలినది. నోరు చేదు, వాంతులు, అన్నము సహింపదు. మంగళవారము రాత్రి ఇల్లాలు అనును: "ఏమండీ, నిన్నటినుంచి మెతుకు ముట్టలేదు. ఇంక ఆ సూది ఎందుకండీ?" కుమారుడు అందుకొనును: "అవును నాన్నగారూ, కడుపులో ఏముందని మాత్రలు వేస్తారు? ఉన్న షుగరు కూడా పడిపోతుంది." ప్రక్కింటి పెద్దావిడ లంఖణం పరమౌషధమని ముక్తాయించును. అందరివి మంచి మనసులే. పైకి చూడగా తర్కము కూడ సరిగానే ఉన్నది. తిననివానికి చక్కెర ఎక్కడిది? గురువారము తెల్లవారుసరికి ఆ పెద్ద గుక్క తిప్పుకొనలేక రొప్పుచుండును. పిలిచిన సగమే పలుకును. గ్లూకోమీటరు పెట్టి చూచినచో 500 చూపును, లేక అంకె చూపుట మాని హద్దు దాటినదని మాత్రము తెలుపును.

తినకయే ఇంత చక్కెర ఎక్కడినుండి వచ్చినది? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసినచో తక్కినదంతయు తేలికగా బోధపడును. మన రక్తములోని చక్కెర అంతయు విస్తరినుండి వచ్చునది కాదు. కాలేయము ఒక గాదె. తిన్నప్పుడు కొంత దాచుకొని, తిననప్పుడు విడిచిపెట్టుచుండును. చాలనప్పుడు కండలోని మాంసకృత్తులనుండి క్రొత్తగా చక్కెరను తయారు చేయును. శరీరములోనికి రోగక్రిములు చొరబడగానే, ఊరిమీదికి దండు వచ్చినపుడు గాదెలు తెరిపించినట్లు, కార్టిసాలు, అడ్రినలిను మున్నగు హార్మోనులు కాలేయముచేత చక్కెరను విడుదల చేయించును. అంతేకాక అవి ఇన్సులిను పని సాగనీయక అడ్డుపడును. ఆరోగ్యవంతునికి క్లోమము ఇన్సులినును మరికొంత ఊర్చి సరిదిద్దుకొనును. మధుమేహికి ఆ శక్తి లేదు. కావున జ్వరమువలన, కడుపు ఖాళీగా ఉన్నను, రక్తములో చక్కెర పెరుగును. పెరిగిన చక్కెర మూత్రముతో పోవుచు తనతో నీటిని లాగికొని పోవును. వాంతులు, విరేచనములు ఉన్నచో నీరు ఆ దారిని కూడ పోవును. ఒడలు ఎండిన కొలది రక్తము చిక్కబడి చక్కెర ఇంకను పెరుగును.

ఇన్సులిను మరీ తక్కువైనప్పుడు మరియొక చిక్కు కలుగును. రక్తము నిండ చక్కెర ఉన్నను కణములు దానిని వాడుకొనలేవు. అప్పుడు శరీరము క్రొవ్వును కరగించుకొనును. అట్లు కరగినపుడు కీటోనులను ఆమ్లములు పుట్టి రక్తమును పులియజేయును. కడుపులో నొప్పి, ఆగని వాంతులు, దీర్ఘముగా వేగముగా ఊపిరి తీయుట, ఊపిరిలో మిగుల ముగ్గిన పండ్ల వాసన దాని లక్షణములు. ఈ కడుపునొప్పిని గ్యాసు అనుకొని సోడా త్రాగించువారు కలరు. చిన్ననాటనే మధుమేహము వచ్చి ఇన్సులినుమీదనే బ్రతుకు పిల్లలకు ఇది ఒక్క దినములో ముదిరిపోవును. నడివయస్సున మధుమేహము వచ్చినవారికి ఆమ్లము తక్కువగను, నీరెండిపోవుట ఎక్కువగను ఉండును. వారిలో ప్రమాదము నాలుగైదు దినములలో మెల్లగా, మత్తురూపమున వచ్చును. ముసలివాడు జ్వరమునకు నిద్రపోవుచున్నాడులే అని ఇంటివారు ఊరకుందురు.

లంఖణమును చెప్పిన పెద్దలను ఎగతాళి చేయుట తగదు. తీపి మూత్రమునకు చీమలు పట్టుటను గమనించి మధుమేహమని పేరుపెట్టినది మన ప్రాచీన వైద్యులే. పాశ్చాత్యులకు సైతము నూరేండ్ల క్రిందటివరకు ఈ జబ్బునకు ఉపవాసము తప్ప వేరు మందు లేకుండెను. అమెరికాలో ఫ్రెడరిక్ ఆలెన్ అను వైద్యుడు మధుమేహపు పిల్లలకు కొలతపెట్టి అరకడుపు తిండి మాత్రమే ఇచ్చి, కొన్ని నెలలో కొన్ని యేండ్లో ప్రాణము నిలుపుచుండెను. ఎలిజబెత్ హ్యూస్ అను బాలిక ఆ చికిత్సలో పదునైదేండ్ల ప్రాయమునకు ఇరువది కిలోల బరువునకు దిగిపోయినది. 1921లో కెనడా దేశమున టొరాంటో నగరములో బాంటింగు, బెస్టు అనువారు ఇన్సులినును వేరుచేసిరి. 1922 జనవరిలో లెనార్డ్ థాంప్సన్ అను పదునాలుగేండ్ల బాలునకు ఆ మందు మొదట ఎక్కించిరి. అదే సంవత్సరము ఆగస్టులో ఆ బాలికయు టొరాంటో చేరినది. ఆమె వివాహమాడి, బిడ్డలను కని, 1981 వరకు జీవించినది. లంఖణము చేయలేని పనిని ఇన్సులిను చేసినదనుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు. అట్టి ఇన్సులినును, జ్వరము వచ్చినది గదాయని, అత్యంతము అవసరమైన దినమునే మానుకొనుట ఎంత విపరీతము!

ఇక చేయవలసిన పని. మొదటి మాట సూదిని గూర్చి. ఇన్సులిను పూర్తిగా మానరాదు. చిన్ననాటినుండి ఇన్సులినుమీద ఉన్నవారు ఒక్క పూటయైనను మానరాదు. రాత్రిపూట దీర్ఘకాలము పనిచేయు రకము తీసికొనువారు తిండి తగ్గినను దానిని తీసికొనవలెను. మోతాదు పెంచుటయో తగ్గించుటయో రక్తపు కొలతను బట్టి యుండును. జ్వరములో సాధారణముగా పెంచవలసివచ్చును. మన పల్లెలలో పెక్కుమంది వాడునది ఉదయము సాయంకాలము భోజనమునకు ముందు వేసికొను మిశ్రమ రకము, ముప్పది డెబ్బది పాళ్ళది. ఇందులో వేగముగా పనిచేయు భాగము కూడ ఉన్నది కావున, వాంతులగుచు ఏమియు నిలువని మనిషి దానిని చూడక పూర్తిగా వేసికొనినచో చక్కెర పడిపోవచ్చును. బొత్తిగా మానినచో పెరిగిపోవును. అట్టివారు కొలత చూచి, అంకె చెప్పి, వైద్యుని అడిగి వేసికొనవలెను. ఈ ప్రశ్నను ఆరోగ్యముగా ఉన్న నాడే అడిగి, జ్వరము వచ్చినపుడు ఎన్ని యూనిట్లు, ఎంత కొలతకు ఎంత మార్పు అని కాగితముమీద వ్రాయించుకొని, సీసా పెట్టెలోనే ఉంచుకొనుట మేలు. అర్ధరాత్రివేళ వైద్యుని వెదకుటకంటె అది సులభము.

రెండవది మాత్రలు. ఇక్కడ ఒక విభాగము చేసికొనవలెను. పడిశెము, కొద్ది జ్వరము ఉన్నను మామూలుగా తినుచు త్రాగుచు ఉన్నచో మాత్రలన్నియు ఎప్పటివలెనే వేసికొనవచ్చును. చిక్కు వచ్చునది వాంతులు, విరేచనములు పట్టినప్పుడు, లేదా అన్నపానములు బాగుగా తగ్గినప్పుడు. అప్పుడు మాత్ర ఏ జాతిదో తెలియవలెను. మెట్‌ఫార్మిను మంచి మందు, చవుక మందు. కాని ఒడలిలో నీరు తగ్గి మూత్రపిండములు మందగించినపుడు అది నిలువయై రక్తములో ఆమ్లము పెంచవచ్చును. కావున నీరెండిన దినములలో దానిని ఆపుదురు. పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని ఉండు మాత్రలు, అనగా డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మొదలగునవి, చక్కెరను మూత్రముగుండ పంపివేయును. తిండి లేని దినములలో వీనివలన కీటోనులు పుట్టు ప్రమాదము కలదు. అంతకంటె మోసమేమనగా అప్పుడు గ్లూకోమీటరులో అంకె 200 దరిదాపుననే ఉండి, ఏమియు లేదని భ్రమ పెట్టవచ్చును. వీనిని కూడ అస్వస్థత దినములలో ఆపవలెను. గ్లిమిపిరైడు, గ్లిక్లజైడు, గ్లిబెన్‌క్లమైడు అనునవి వేరు తెగ. ఇవి తిన్నను తినకున్నను క్లోమమును పిండి ఇన్సులిను ఊరించును. పస్తున్న మనిషి వీనిని వేసికొనినచో చక్కెర పాతాళమునకు పడవచ్చును. తిండి బాగుగా తగ్గినచో వీనిని తగ్గించుటయో ఆపుటయో వైద్యుని అడిగి చేయవలెను. చూడగా ఇంటివారి తర్కము ఈ ఒక్క తెగ విషయమున నిజమే. దానినే అన్ని మందులకు, సూదికి కూడ అన్వయించుటతోనే ప్రమాదము. రక్తపుపోటు మాత్రలలో కొన్నియు, మూత్రము జారీచేయు మాత్రలును నీరెండినపుడు మూత్రపిండములకు భారమగును. వానిని గూర్చియు అడుగవలెను. ఒంటినొప్పులకని దుకాణములో కొని మ్రింగు డైక్లోఫెనాకు, ఐబుప్రొఫెను వంటివి ఆ దినములలో ముట్టకుండుట మంచిది. జ్వరమునకు పారాసిటమాలు చాలును.

మందుల డబ్బాలో ఒకే బిళ్ళలో రెండు మూడు మందులు కలిసియుండుట నేటి వాడుక. పైనున్న వ్యాపారపు పేరు చదివిన లాభము లేదు. అట్టమీద చిన్న అక్షరములతో ఉన్న అసలు పేరు చదువవలెను. ఇంటిలో చదువుకొన్న పిల్లలు చేయదగిన సేవ ఇది. తాతగారి మాత్రల అసలు పేర్లు తెలుగులో ఒక కాగితముమీద వ్రాసి గోడకు అంటించినచో చాలును.

తిండిని గూర్చి: లంఖణము వలదు, విందును వలదు. మూడు నాలుగు గంటలకొకమారు ఏదో ఒక పిండిపదార్థము లోపలికి పోవలెను. మూడు చిన్న ఇడ్లీలు గాని, చిన్న గిన్నెడు మెత్తని అన్నము చారుతో గాని, రాగిజావ గాని చాలును. అదియు సహింపనిచో గంజి, పలుచని మజ్జిగ, బార్లీనీరు కొంచెము కొంచెముగా. నీరు మాత్రము గంటకు అరగ్లాసునకు తక్కువ కారాదు. వాంతి యగుచున్నచో గ్రుక్కెడేసి చొప్పున అయిదేసి నిమిషములకు ఇయ్యవలెను. గుండెజబ్బో మూత్రపిండముల జబ్బో ఉండి నీటికి కొలత పెట్టబడినవారు మాత్రము తమ వైద్యుని మాట దాటరాదు. చక్కెర 200కు పైన ఉన్నచో తీపిలేని పానీయములు; 100 దరిదాపునకు దిగి తిండి సాగనిచో కొంచెము తీపి కలిపినవి. ఈ దినములలో మధుమేహికి పంచదార ఒక్కొక్కప్పుడు మందే యగును. ఏండ్ల తరబడి పంచదార డబ్బాను దాచిపెట్టిన ఇల్లాలికి ఈ మాట మ్రింగుడుపడదు.

కోనసీమ ప్రక్కన ఉండి కొబ్బరిబొండమును విడువలేము. ఒక గ్లాసు లేత కొబ్బరినీటిలో రెండు చెంచాల పంచదార పాటి తీపి ఉండును. విరేచనములలో అది పనికివచ్చునదే. కాని దాహమైనప్పుడెల్ల బొండము కొట్టి ఇచ్చుట కూడదు. మూత్రపిండములు దెబ్బతిన్నవారికి అందులోని పొటాషియము చెరుపు చేయును. ఓ.ఆర్.ఎస్. పొట్లమును గూర్చి ఇంకొక భయమున్నది. అందులో గ్లూకోజు ఉన్నదని మధుమేహికి ఇయ్యరు. లీటరునకు అందులో ఉండు గ్లూకోజు 13.5 గ్రాములు మాత్రమే. ఆ కొద్దిపాటి గ్లూకోజే ప్రేగులలో ఉప్పును నీటిని లోపలికి లాగుకొనిపోవును. అది లేనిచో ఉప్పునీరు వచ్చిన దారినే పోవును. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరములో కలరా ప్రబలి, ఎక్కించుటకు సెలైను చాలనప్పుడు, దిలీప్ మహలనాబిస్ అను వంగదేశ వైద్యుడు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ములలో నింపి త్రాగించి వేలమందిని బ్రదికించెను. నీళ్ళ విరేచనములు పట్టిన మధుమేహికి ఆ పొట్లము ఇయ్యవచ్చును, ఇయ్యవలెను. పొట్లము మీద వ్రాసినంత నీటిలోనే కలుపవలెను. ఓ.ఆర్.ఎస్. వలె కనబడు తీపి పానీయములు దుకాణములలో అట్టపెట్టెలలో అమ్ముదురు. అవి వేరు.

ఇక సెలైను సీసా. జ్వరము రాగానే ఒక సీసా ఎక్కించినగాని నీరసము పోదని మన పల్లెలలో గట్టి నమ్మకము. వైద్యుడు వలదన్నను రోగియే బ్రతిమాలును. ఆ సీసాలలో రెండు రకములు ముఖ్యము. ఒకటి ఉప్పునీరు. రెండవది గ్లూకోజు కలిపినది. అయిదు పాళ్ళ గ్లూకోజు సీసా అరలీటరులో 25 గ్రాముల చక్కెర ఉండును. కొలత చూడక మధుమేహి నరములోనికి దానిని ఎక్కించుట అయిదారు చెంచాల పంచదారను నేరుగా రక్తములో పోయుటయే. ఆసుపత్రిలో ఇన్సులినుతో పాటు కావలెనని గ్లూకోజు ఎక్కించు సందర్భములు కలవు. అది గంటగంటకు కొలత చూచువారి పని. ఇంటిలో మంచమునకు కట్టెకట్టి సీసా వ్రేలాడదీయునపుడు మాత్రము, ఎక్కించువాడు అడుగకున్నను, ఈ మనిషికి షుగరు ఉన్నదని ఇంటివారే చెప్పవలెను.

స్టెరాయిడు మందుల సంగతి 2021వ సంవత్సరము అందరికి నేర్పినది. ఆ వేసవిలో కోవిడు రెండవ విజృంభణలో ఆయాసపడువారికి డెక్సామెథసోను వంటి స్టెరాయిడులు ప్రాణము పోసినవి. కాని అవి చక్కెరను విపరీతముగా పెంచును. అవసరము లేనివారు ముందుగానే మ్రింగుటయు, చక్కెర కొలువక వాడుటయు కలిసి, మధుమేహులలో నల్ల ఫంగసు అని ప్రజలు పిలిచిన బూజు జబ్బు ముక్కుకు, కంటికి ప్రాకినది. కండ్లు పోయినవారు, దవడ ఎముక తీయించుకొన్నవారు మన రాష్ట్రమున కలరు. ఆ జబ్బును ఆ సంవత్సరము మే నెలలో రాష్ట్ర ప్రభుత్వము ఆరోగ్యశ్రీలో చేర్చవలసివచ్చినది. కోవిడు ఉద్ధృతి తగ్గినది గాని ఆ మందులు పోలేదు. ఆయాసమునకు, ఒంటి దురదకు, మోకాలి నొప్పికి, ఏమియు తోచనపుడు జ్వరమునకు కూడ వానిని ఇచ్చుచునే ఉన్నారు. ఇది స్టెరాయిడా అని అడుగుటలో వైద్యునికి అవమానము లేదు. అగుననినచో ఆ దినములలో కొలత రెట్టింపు మారులు చూడవలెను, ముఖ్యముగా మధ్యాహ్నము భోజనము తరువాతను సాయంకాలమును; ఉదయము పరగడుపున చూచిన అంకె బాగుగానే ఉండి మోసగించును.

కొలత మాట పలుమారులు వచ్చినది. ఇన్సులిను వాడువారు అస్వస్థత దినములలో నాలుగు గంటలకొకమారు, రాత్రియు లేచి, చూచుకొనవలెను. మాత్రలమీద ఉన్నవారు దినమునకు మూడు నాలుగు మారులు. వ్రేలు తడి లేకుండ కడిగి తుడుచుకొనవలెను. పండు కోసిన చేతితో చూచినచో పండులోని చక్కెరయే కనబడును. వేళ, అంకె, జ్వరము, త్రాగిన నీరు, వేసిన మందు ఒక కాగితముమీద వ్రాయవలెను. ఆ కాగితము చేతనుండగా వైద్యునికి అయిదు నిమిషములలో తెలియు సంగతి, అది లేనిచో అయిదు గంటలకు గాని తెలియదు. ఇంకొక చిన్న హెచ్చరిక: మన దేశములో ఇన్సులిను సీసాలు మిల్లీలీటరునకు 40 యూనిట్లవి, 100 యూనిట్లవి రెండును కలవు. ఏ సీసాకు ఆ సిరంజి. 40 సీసాకు సాధారణముగా ఎఱ్ఱ మూత సిరంజి, 100 సీసాకు నారింజ రంగు మూత సిరంజి. ప్రతిదినము తానే వేసికొను మనిషి మంచము పట్టి, కోడలో మనుమడో మొదటిసారి వేయునపుడు ఈ పొరపాటు జరుగుటకు వీలున్నది. జరిగినచో మోతాదు రెండు రెట్లకు మించి తారుమారగును.

చక్కెర పెరుగుట దినములమీద చంపును, తగ్గుట గంటలలో చంపును. చెమటలు, వణకు, గుండెదడ, ఆకలి, తికమక మాటలు తగ్గుదలకు గురుతులు. కొలత 70కి తక్కువైనచో మూడు చెంచాల పంచదార నీటిలో కలిపి త్రాగించి, పావుగంటకు మరల చూడవలెను. పెరుగనిచో మరల ఇయ్యవలెను. వోగ్లిబోసు కలిసిన మాత్ర వాడువారికి పంచదార త్వరగా పనిచేయదు, వారికి గ్లూకోజు పొడియే కావలెను. గ్లిమిపిరైడు తెగ మాత్రలవలన పడిన చక్కెర ఒకమారు లేచినను మరల పడుట సామాన్యము. కాబట్టి తేరుకొన్నాడని విడిచిపెట్టక ఒక దినమైనను కనిపెట్టి యుండవలెను, ముసలివారినైనచో ఆసుపత్రికి చేర్చవలెను. గ్లూకోమీటరు లేనప్పుడు, పెరిగినదో తగ్గినదో తెలియనప్పుడు, మ్రింగగల స్థితిలో ఉన్నవానికి పంచదార ఇయ్యవలసినదే. పెరిగినవానికి ఆ మూడు చెంచాలతో కొత్తగా మునిగిపోవునది లేదు. తెలివి తప్పినవాని నోట మాత్రము ఏమియు పోయరాదు. నోట పోసిన కాఫీ ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణము తీయును. ప్రక్కకు తిప్పి పరుండబెట్టి బండిని పిలువవలెను.

ఇల్లు విడిచి బయలుదేరవలసిన గురుతులు ఇవి. నాలుగైదు గంటలుగా నీరైనను నిలువని వాంతులు. రెండు మారులు చూచినను 300కు దిగని చక్కెర. మత్తు, తికమక. రొప్పు. మూత్రము బొత్తిగా తగ్గుట. ఛాతీలో నొప్పి. గర్భిణికి, ఇన్సులినుమీద ఉన్న పిల్లవానికి వాంతులు మొదలైనచో ఇంతవరకు కూడ ఆగరాదు. కాలిలో పుండుతో కూడిన జ్వరమునకు అసలే ఆగరాదు. నర్సరీ తడిమన్నులో ఒట్టికాళ్ళతో తిరుగువారికి తిమ్మిరి పట్టిన పాదములో ముల్లు దిగినను తెలియదు. ఏ కారణము కానరాని జ్వరము వచ్చినపుడు వ్రేళ్ళసందులు చూచినచో కారణము అక్కడ దొరకవచ్చును. కడియమునుండి రాజమహేంద్రవరము పట్టుమని ఇరువది కిలోమీటర్లు లేదు, 2005లో మొదలైన 108 బండ్లును ఉన్నవి. పూర్వము గూడుబండిలో పోవలసిన దినములలో తెల్లవారనిమ్మనుటకు అర్థముండెను.

ఇన్సులిను నిలువను గూర్చి ఒక మాట. గాలివానకు రెండు దినములు కరెంటు పోవుట ఈ తీరమునకు క్రొత్త కాదు, జ్వరములును ఆ దినములలోనే వచ్చును. తెరచి వాడుచున్న సీసా ఎండ, వేడి తగులకున్నచో సుమారు నాలుగు వారములు చెడదు. రెండు మట్టిపాత్రలు ఒకదానిలో ఒకటి పెట్టి నడుమ తడియిసుక పోసి, లోపలి పాత్రలో సీసాను పొడిగా ఉంచి మూతవేసినచో చాలును. మంచుగడ్డను ఆనించి పెట్టరాదు. గడ్డకట్టిన ఇన్సులిను పనికిరాదు.

జ్వరము దిగిన తరువాత కూడ రెండు దినములు జాగ్రత్త కావలెను. జ్వరమునకని పెంచిన ఇన్సులినును తగ్గింపక అట్లే కొనసాగించినచో, రోగము పోయిన శరీరమునకు అది ఎక్కువై చక్కెర పడిపోవును. స్టెరాయిడు ఆపిన తరువాతయు ఇంతే. ఆపిన మెట్‌ఫార్మిను, గ్లిఫ్లోజిన్ మాత్రలను ఒకటి రెండు దినములు మామూలుగా తిని త్రాగిన పిమ్మట మరల మొదలుపెట్టవలెను. మొదలుపెట్టుట మరచిపోయి, మూడు నెలల తరువాత పరీక్షకు పోయి, మందులన్నియు వేసికొనుచుంటిననియే చెప్పువారు పెక్కుమంది కలరు. కావున ఆపిన దినమునే, ఆపిన మాత్ర పేరును, మరల వేయవలసిన దినమును ఆ గోడమీది కాగితముననే వ్రాసిపెట్టవలెను.